తమ్ముడు ‘నాకూ’ అన్నాడు, బల్ల అతన్ని దాటిపోయింది

ఒక సహోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. సారాంశం ఇది. ఆమెకు 31 ఏళ్లు, తమ్ముడికి 24. అతనికి పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. చక్రాల కుర్చీలో ఉంటాడు, చేతులు బిగుసుకుపోతుంటాయి, మాట ఇంట్లోవాళ్లకు తప్ప బయటివారికి అర్థం కాదు. ఒళ్లో అక్షరాల పలక పెట్టుకుని, వేలి కణుపుతో ఒక్కో అక్షరం తాకుతూ మాట్లాడతాడు. చర్చికి ఐదు మెట్లు. ప్రతి ఆదివారం ఎవరో నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తి లోపల దింపుతారు. పోయిన నెల కుర్చీ చెయ్యి ఒకరి చేతిలోకి ఊడివచ్చి, కుర్చీ పక్కకు ఒరిగింది. లోపల అతని చోటు చివరి వరుస వెనక, అదనపు కుర్చీలు పేర్చే మూల. అతను వాడుకోగల టాయిలెట్ అక్కడ లేదు కాబట్టి శనివారం సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తాడు.

ప్రభువు బల్ల రోజున, అంటే యేసును తలచుకుంటూ సంఘమంతా రొట్టె, పాత్ర పంచుకునే రోజున, రొట్టె పళ్లెం తల్లికి అందింది, అతని తల మీదుగా పక్కవారికి వెళ్లిపోయింది. అతను పలక మీద ‘నాకూ’ అని తాకాడు. చూసింది అక్క ఒక్కతే. అంతకుముందు ఒక స్వస్థత కూడికలో, బయటినుంచి వచ్చిన ప్రసంగీకుడు అతన్ని ముందుకు తెప్పించి, రెండు చేతులూ పట్టుకుని లేపి నిలబెట్టబోయాడు. ఒళ్లంతా కొయ్యబారి అతను కేక పెడితే, తల్లికి విశ్వాసం చాలలేదని మైకులో అన్నారు. ఆ రోజునుంచి తల్లి చర్చికి రానంటోంది. బాప్తిస్మం సంగతి అడిగితే పాస్టర్ గారు, మనిషి మంచివారే, “వాడు పసిబిడ్డలాంటివాడమ్మా, దేవుడు ఎలాగూ చేర్చుకుంటాడు, వాణ్ణి ఎందుకు శ్రమపెట్టడం” అన్నారు. ఆమె అడిగింది ఇది: ఇక్కడే ఉండి అడగాలా, వేరే సంఘానికి వెళ్లిపోవాలా? అడిగితే సంఘంలో గొడవ పెట్టినవాళ్లమవుతామా?

సహోదరీ,

మీ నాలుగు పేజీల్లో అమ్మ ఏమంటోందో ఉంది, పాస్టర్ గారు ఏమన్నారో ఉంది, సంఘ పెద్దలు ఏమనుకుంటున్నారో ఉంది, మీకు ఎంత మండిందో కూడా ఉంది. తమ్ముడి మాట మాత్రం ఒక్కటే ఉంది. ‘నాకూ’. అది కూడా ఎవరూ అడగకుండా, అతనంతట అతను చెప్పింది. ఉండాలా వెళ్లాలా అన్న ప్రశ్న ముందు నా దగ్గరికి కాదు, ఆ పలక దగ్గరికి వెళ్లాలి. మీరు అతన్ని ప్రేమించడం లేదని కాదు. అతని తరఫున మాట్లాడటం మీకు ఇరవై ఏళ్ల అలవాటు. సంఘం కూడా మీ దగ్గరే ఆ అలవాటు నేర్చుకుంది.

అడిగేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. “మనం వేరే చర్చికి వెళ్దామా?” అని అడిగితే మీ ముఖం చూసి అవుననేస్తాడు. దానికి బదులు మూడు నాలుగు జవాబులు కాగితం మీద రాసి ముందుంచండి: ఇక్కడే ఉంటాను, వేరేచోటు చూస్తాను, కొన్నాళ్లు ఎక్కడికీ వెళ్లను. చివర ‘ఇవేవీ కావు’, ‘ఇంకా తెలియదు’ అన్నవి కూడా తప్పకుండా ఉండాలి. ఆ రెండూ లేకపోతే మీరిచ్చిన వాటిలోనే ఏదో ఒకటి తాకుతాడు, మీరు దాన్నే అతని మనసు అనుకుంటారు. రెండు రోజుల తర్వాత వరుస మార్చి మళ్లీ అడగండి. రెండుసార్లూ ఒకే జవాబు వస్తే అది అతని మాటే.

ఇంకో జాగ్రత్త. అక్షరం తాకేటప్పుడు అతని చేతిని గానీ మోచేతిని గానీ ఎవరూ పట్టుకోకూడదు. చెయ్యి ఆనడానికి దిండు పెట్టండి, పలకను ఏటవాలుగా నిలబెట్టండి, తాకాల్సింది మాత్రం అతనే. పక్కవాళ్లు చెయ్యి పట్టి రాయించే పద్ధతిని పరీక్షించినప్పుడు, వచ్చిన మాటలు పట్టుకున్నవారివేనని తేలింది. పట్టుకున్నవారికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. రేపు పెద్దల ముందు “అది అక్క మాట” అని ఎవరూ అనలేకుండా ఉండాలంటే ఈ నియమం ఇప్పటినుంచే కావాలి.

ఇక పాస్టర్ గారి ‘పసిబిడ్డ’ మాట. సెరిబ్రల్ పాల్సీ అంటే, మెదడు ఎదిగే దశలో కదలికలను నడిపే భాగాలకు జరిగిన హాని. కొందరికి దానితోపాటు మేధోపరమైన వైకల్యం కూడా ఉంటుంది, చాలామందికి ఉండదు. నాలుక, పెదవులు, ఊపిరి ఒక తాళంలో కదలకపోతే మాట తేలదు. ఆలోచనకు దానితో పనిలేదు. పళ్లెం దాటిపోయిన ఆ కొద్ది క్షణాల్లో జరిగింది గ్రహించి, నొచ్చుకుని, దాన్ని ఒక్క మాటలో కుదించి అక్షరాలు వెతికి తాకినవాడు పసిబిడ్డ కాడు. పాస్టర్ గారికి ఈ సంగతి మీరు చెప్పే ఉండరు. ఆ రోజు ‘నాకూ’ చూసింది మీరొక్కరే కదా. ముందు అదే చెప్పండి.

అయితే ఒక మాట. అతనికి నిజంగానే అర్థం చేసుకునే శక్తి తక్కువై ఉంటే పళ్లెం దాటిపోవడం సరైనదయ్యేదా? కాదు. “మావాడు తెలివైనవాడే” అన్న వాదన ఒక్కదాని మీదే నిలబడకండి. రేపు అదే సంఘానికి డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి వస్తే, మీరు వేసిన ఆ వాదనే ఆమెకు తలుపు మూస్తుంది.

పెద్దలు 1 కొరింథీయులు 11:28 చూపిస్తారు, ప్రతివాడు తన్ను తాను పరీక్షించుకోవాలి అని. పరీక్షించుకోవాలి, నిజమే. కానీ నోటితో అప్పజెప్పాలని ఆ మాటలో లేదు. నోటి మాంద్యం గలవాణ్ణన్న మోషేకు నోరిచ్చినవాడెవడని దేవుడు అడిగిన సంగతి వారికి తెలియనిది కాదు. మీ సంఘంలో బల్లకు ముందు బాప్తిస్మమో, పాఠాలో, పెద్దలతో సంభాషణో నియమంగా ఉంటే దాన్ని తీసేయమని అడగకండి. అదే నియమాన్ని అతనికి వీలైన రూపంలో పెట్టమని అడగండి. ఒక్కో సంఘంలో ఒక్కో క్రమం ఉంటుంది, దాన్ని ఎదిరిస్తే మాట అక్కడే ఆగిపోతుంది. కొందరు లేవీయకాండము 21 ఎత్తవచ్చు, కళంకం గల యాజకుడు బలిపీఠం దగ్గరికి రాకూడదని. అదే అధ్యాయం 22వ వచనంలో, అలాంటివాడు కూడా దేవుని ఆహారం తినవచ్చని ఉంది. దావీదు రాజు రెండు కాళ్లూ కుంటివాడైన మెఫీబోషెతును తన బల్ల దగ్గర కూర్చోబెట్టింది కాళ్లు బాగయ్యాక కాదు.

ఆ సంభాషణ ఎలా జరగాలంటే: ఒకే రోజు గంటసేపు కాకుండా, రెండు మూడు రోజులు ఇరవై నిమిషాల చొప్పున. ప్రశ్నలు ముందే కాగితం మీద ఇస్తే ఇంటి దగ్గర తీరిగ్గా జవాబులు తాకి పెట్టుకుంటాడు, మీరు తాకింది తాకినట్టు రాస్తారు. పెద్దల ముందు కనీసం ఒక్క ప్రశ్నకైనా అప్పటికప్పుడు పలక మీద జవాబు చెప్పనివ్వండి, వారి కళ్లతో వారే చూస్తారు. అడిగేవారు మీవైపు కాదు, అతనివైపు చూసి అడగాలి. అడిగాక ఊరుకోవాలి. ఒక నిమిషం మౌనం అలవాటు లేనివారికి భరించరానిదిగా ఉంటుంది. జవాబు రాలేదనుకుని ప్రశ్న మార్చేస్తారు, అతను మొదటినుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది. ఆ మౌనం గురించి వారికి ముందే చెప్పి ఉంచండి.

బల్ల విషయంలో పెద్దలు పైకి అనని భయం ఇంకొకటి ఉండవచ్చు: గొంతులో అడ్డుపడితే? అది మంచి భయమే. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవారిలో చాలామందికి మింగడం కష్టం. తినేటప్పుడు దగ్గు, గొంతులో తడిగా గురగుర, కళ్లలో నీళ్లు, ఏడాదిలో మళ్లీ మళ్లీ ఛాతీ ఇన్ఫెక్షన్లు ఉంటే, ముందు స్పీచ్ థెరపిస్టు చేత మింగే తీరు చూపించండి. కొందరిలో ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారినా దగ్గు రాదు, కాబట్టి దగ్గడం లేదని ధీమా వద్దు. తల్లి ఇంట్లో ఎలా తినిపిస్తోందో అదే క్రమం చర్చిలోనూ పాటించాలి: నడుము నిటారుగా, గడ్డం కొద్దిగా కిందికి. పైనుంచి నిలబడి అందిస్తే తల వెనక్కి వాలుతుంది, గొంతు తెరుచుకుని పొలమారేది అప్పుడే. ఇచ్చేవారు స్టూలు మీద కూర్చునో మోకాళ్ల మీద ఉండో అతని కళ్ల ఎత్తున ఉండాలి. రొట్టె బఠాణీ గింజంత తుంచి, పాత్రలో తడిపి, చెంచాతో నాలుక మధ్యలో పెట్టవచ్చు. ఇంట్లో చిక్కబరిచిన ద్రవాలే తాగుతుంటే ఇక్కడా అలాగే. మింగడం పూర్తయ్యేదాకా రెండో వంతు ఇవ్వకూడదు. ఒక వారం ముందు ఇంట్లోనే మామూలు రొట్టెతో, చిన్న కప్పుతో రెండుసార్లు చేసి చూడండి. ఎవరి చేతినుంచి తీసుకోవాలో అతన్నే అడగండి. ‘అమ్మ’ అంటాడని మీరనుకోవచ్చు. పాస్టర్ గారి చేతినుంచే కావాలనవచ్చు.

బాప్తిస్మం గురించి ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. మీది నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చే సంఘమో, నీళ్లు చిలకరించే సంఘమో రాయలేదు. చిలకరించే చోట శరీరానికి సంబంధించిన చిక్కు ఏమీ లేదు. ముంచే చోటైతే, మామూలుగా చేసినట్టు వెనక్కి వాల్చడం అతని ఒంటికి అన్నిటికన్నా చెడ్డ పద్ధతి. మెడ వెనక్కి వాలితే బిగువు ఉన్న శరీరం మొత్తం విల్లులా నిక్కుతుంది, ఇద్దరు పట్టుకున్నా జారిపోతాడు. స్వస్థత కూడికలో అతని ఒళ్లు కొయ్యబారింది కూడా ఇలాంటి కారణం వల్లే. తుంటి, మోకాళ్లు మడిచి కూర్చున్న భంగిమలో ఆ బిగువు తగ్గుతుంది. కాబట్టి నీళ్లలో తక్కువ ఎత్తు ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఛాతీ వరకు నీళ్లు ఉండేలా కూర్చోబెట్టి, ముందుకు వంచాలి. ముందుకు ముంచే సంఘాలు ఎప్పటినుంచో ఉన్నాయి, ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి; చన్నీళ్లకు కండరాలు మరింత బిగుస్తాయి. ఇద్దరు చెరోపక్క, ఒకరు వెనక ఉండాలి. ‘ఒకటి, రెండు, ఇప్పుడు’ అని చెప్పి చేయాలి, ఉలిక్కిపాటుకు గురిచేయకూడదు. పొడి బట్టలతో ఒకసారి, నీళ్లలో తల ముంచకుండా ఒకసారి సాధన చేయండి. మూర్ఛలు ఉంటే డాక్టరుతో ముందే మాట్లాడండి. శ్వాస కోసం గొంతుకు రంధ్రం పెట్టినవారినైతే ముంచనే కూడదు. ఒప్పుకోలు ప్రశ్నలకు ‘అవును’ అన్నప్పుడు అతను ఏం చేస్తాడో, కళ్లు పైకెత్తడమో, పలక తాకడమో, అది సంఘానికి ముందే చెబితే అందరూ గుర్తుపడతారు. అతని బదులు మీరు ‘అవును’ అనకండి.

ఇప్పుడు మెట్ల సంగతి. ఇది రేపటి ఆదివారానికే కావాలి.

కుర్చీ చేతులు, కాళ్లు ఆనించే పలకలు చాలా కుర్చీలకు ఊడదీసే భాగాలు. వాటిని పట్టుకుని ఎత్తితే పోయిన నెల జరిగిందే మళ్లీ జరుగుతుంది. చక్రాలను పట్టుకున్నా తిరిగిపోతాయి. పట్టుకోవలసింది వెల్డింగ్ చేసి ఉన్న ప్రధాన చట్రాన్ని. నలుగురు ఎత్తి మోయడం కంటే ఇద్దరు మెట్టు మెట్టుగా లాగడం మేలు. కుర్చీని మెట్లకు వీపు చేసి తిప్పండి, పెద్ద చక్రాలు మొదటి మెట్టుకు ఆనాలి. నడుము బెల్టు పెట్టండి. బలమైనవాడు వెనక, పై మెట్టు మీద నిలబడి, తోసే పిడులు పట్టుకుంటాడు. ఆ పిడుల రబ్బరు తొడుగులు వదులుగా లేవని ముందు చూసుకోవాలి. కుర్చీని వెనక్కి, పెద్ద చక్రాల మీద తూగేవరకు వాల్చాలి. రెండోవాడు కింద, ముందువైపు చట్రం పట్టుకుంటాడు. ఒక మెట్టు ఎక్కించి, ఆగి, ఊపిరి తీసుకుని రెండోది. దించేటప్పుడు మనిషి ముఖం దిగే దిక్కుకే ఉంటుంది, కుర్చీ వెనక్కి వాలే ఉంటుంది, పట్టుకునేవారి చోట్లు కూడా అవే. ముట్టుకునే ముందు అతనికి చెప్పాలి, సరేననాలి. మోటారు కుర్చీనైతే ఇలా ఎక్కించే ప్రయత్నమే చేయకూడదు, దాని బరువు వేరు. ఇద్దరిద్దరు చొప్పున మూడు జంటలకు నేర్పించి వంతులు వేయండి, ‘ఎవరైనా రండిరా’ అని పిలిచే పద్ధతి ఆగాలి.

ఇది తాత్కాలికం. శాశ్వతంగా కావాల్సింది ర్యాంపు. అడిగే ముందు చర్చి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. వెనకవైపో పక్కవైపో ఒక్క మెట్టే ఉన్న తలుపు తరచూ ఉంటుంది. అదైతే పని చిన్నది: మెట్టు 15 సెంటీమీటర్లయితే 1.8 మీటర్ల ర్యాంపు చాలు. లెక్క ఒకటికి పన్నెండు. ఎంత ఎత్తో దానికి పన్నెండింతల పొడవు. ముందువైపు ఐదు మెట్లూ కలిపి 75 సెంటీమీటర్లు ఉంటే తొమ్మిది మీటర్లు పడుతుంది, అంత చోటు తిన్నగా దొరక్కపోతే మధ్యలో మలుపు తిప్పాలి, మలుపు దగ్గరా పైన తలుపు దగ్గరా మీటరున్నర చదును ఉండాలి. తలుపు బయటికి తెరుచుకునేదైతే ఆ చదును ఇంకా పెద్దది కావాలి, లేకపోతే తలుపు లాగేటప్పుడు కుర్చీ వెనక్కి జారుతుంది. వెడల్పు 90 సెంటీమీటర్లకు తగ్గకూడదు, 120 ఉంటే సుఖం. రెండువైపులా 85 నుంచి 95 సెంటీమీటర్ల ఎత్తున పట్టుకునే కమ్మీ, అంచున చక్రం జారకుండా 10 సెంటీమీటర్ల గట్టు, తడిసినా జారని గరుకు నేల ఉండాలి.

ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. “మూడు మీటర్లు చాలులే” అని ఎవరో అంటారు, మేస్త్రీ కట్టేస్తాడు. 75 సెంటీమీటర్ల ఎత్తుకు మూడు మీటర్లంటే ఒకటికి నాలుగు. ఆ వాలులో ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు పట్టుకున్నవాణ్ణి లాక్కుపోతుంది. ఇక దాన్ని ఎవరూ వాడరు, “కట్టించాం కదా, వాడరేం” అన్న మాట మాత్రం మిగులుతుంది. పైగా నున్నటి టైల్స్ వేస్తారు. కాబట్టి కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి. “ఒక్కడి కోసమా ఇంత ఖర్చు” అన్న మాట వస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెప్పండి: ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు చెప్పుకోదగ్గ వైకల్యంతో జీవిస్తున్నారు. మీ చర్చిలో ఆరుగురిలో ఒకరు కనబడటం లేదంటే వారు లేరని కాదు, రావడం లేదని. ఆ ర్యాంపు మీద మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లు, పసిపిల్లల బండ్లు, శవపేటిక మోసేవాళ్లు కూడా నడుస్తారు.

కూర్చునే చోటుకైతే ఖర్చే లేదు. ముందు నుంచి మూడో నాలుగో వరుసలో, నడవ పక్కన, ఒక బెంచీ చివర 90 సెంటీమీటర్ల వెడల్పు, 130 పొడవు ఖాళీ చేస్తే చాలు, మీ కుటుంబం ఆ బెంచీలోనే పక్కన కూర్చుంటుంది. నడవలోనే కుర్చీ ఆపితే అత్యవసరంలో అందరికీ అడ్డం. పాటలకు అందరూ లేచి నిలబడితే అతనికి వీపులు తప్ప ఏమీ కనబడవు, అందుకే మరీ వెనక వద్దు.

టాయిలెట్‌ను మాత్రం చివరికి నెట్టకండి. పదిహేను గంటలు నీళ్లు తాగకపోతే మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం రావచ్చు, రెండూ కండరాల బిగువును పెంచుతాయి. ఆదివారం అతను ఎక్కువ బిగుసుకుని, ఎక్కువ శబ్దం చేస్తున్నాడని ఎవరైనా అంటుంటే కారణం అదే కావచ్చు. 90 సెంటీమీటర్ల తలుపు, లోపల కుర్చీ తిరగడానికి మీటరున్నర చోటు, గోడకు గట్టి కమ్మీ కావాలి. అది కట్టేలోపు దగ్గర్లో ఉన్న విశ్వాసి ఇల్లు గానీ, యూరిన్ బాటిల్ వాడటానికి గొళ్లెం ఉన్న గది గానీ అడగండి. అతను పెద్దవాడు, తెర చాటు సరిపోదు. సాయానికి ఎవరుండాలో అతనే చెప్పాలి.

స్వస్థత ప్రార్థన గురించి రాసినచోట మీ అక్షరాలు వణికాయి. అమ్మతో ముందు ఇది చెప్పండి: పౌలు తన తోటి పనివాడైన త్రోఫిమును మిలేతులో రోగిగా విడిచి వచ్చానని రాసుకున్నాడు (2 తిమోతి 4:20), పౌలుకు విశ్వాసం చాలలేదని ఎవరూ మైకులో అనలేదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవడు పాపం చేశాడని శిష్యులు అడిగితే, ఇతడూ కాదు, ఇతని తల్లిదండ్రులూ కాదు అని యేసు తేల్చేశాడు (యోహాను 9:3). బర్తిమయి గుడ్డివాడని అందరికీ కనబడుతూనే ఉంది. అయినా యేసు, నీకు నేనేం చేయాలని ముందు అడిగాడు (మార్కు 10:51). మీ పాస్టర్ గారి నుంచి ఒక్క కట్టుబాటు అడగండి: తమ్ముణ్ణి అడగకుండా, అతను సరేననకుండా, ఎవరూ అతని మీద చేతులుంచరు, బయటినుంచి వచ్చిన ప్రసంగీకులకు ఈ సంగతి ముందే చెబుతారు. చేతులు పట్టి లాగితే భుజం, తుంటి కీళ్లు తప్పే ప్రమాదం ఉందని కూడా చెప్పండి. ఎవరైనా ప్రార్థించి “ఇక మందులు మానెయ్” అంటే ఒక్క పూట కూడా మానకండి. మూర్ఛ మందులు, బిగువు తగ్గించే బాక్లోఫెన్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మైకులో అన్న మాటకు పాస్టర్ గారు ఇంటికి వచ్చి అమ్మతో మాట్లాడాలి. అది జరగకుండా అమ్మను రమ్మని బలవంతపెట్టకండి.

ఇక మీరడిగిన ఉండడమా వెళ్లడమా. ఉండి అడిగితే మూడు నెలలు పట్టవచ్చు, ఏడాది పట్టవచ్చు; కొందరు మొహం చాటేస్తారు; మధ్యలో మీరు అలసిపోతారు. కానీ అతన్ని పేరు పెట్టి పిలిచే మనుషులు అక్కడున్నారు, తప్పుగానైనా ప్రతివారం మోస్తున్న కుర్రాళ్లున్నారు. వారికి నేర్పడం, కొత్తవారిని సంపాదించుకోవడం కంటే తేలిక. వెళ్లిపోతే ర్యాంపు ఉన్న చర్చి దొరకవచ్చు, కానీ ర్యాంపు ఎక్కాక మళ్లీ మూలనే ఉంచవచ్చు. కొత్తచోటు చూసేటప్పుడు ముందు ఆరా తీయాల్సింది ఇది: వైకల్యం ఉన్నవారెవరైనా అక్కడ ఏదైనా పని చేస్తున్నారా, లేక సేవ అందుకోవడమేనా? ఇంట్లోనే ఆన్‌లైన్‌లో ఆరాధన చూడటం మూడో దారి. జబ్బు చేసినప్పుడు, అమ్మ కోలుకునేలోపు అది మేలే. ఆరు నెలలు దాటితే మాత్రం సంఘం అతన్ని మరిచిపోవడానికి అదే వీలవుతుంది. నా మొగ్గు చెప్పమంటే, బల్ల, చేతులుంచడం, ఈ రెండింటి మీద మూడు నెలల్లో స్పష్టమైన మాట వస్తే ఉండండి. కట్టడాలకు సమయం పడుతుంది, ఓర్చుకోవచ్చు. ఆ రెండింటికీ ఖర్చు లేదు, కాబట్టి ఆలస్యానికి కారణం కూడా లేదు. తుది మాట తమ్ముడిదే.

గొడవ పెట్టినవాళ్లమవుతామా అన్నారు. ఆరాధన అయ్యాక అందరి ముందు అడిగితే అవుతారు. పెద్దల కూడికకు వారం ముందు, పాస్టర్ గారితో విడిగా, తమ్ముడు కూడా పక్కనుండగా అడిగితే కారు. ఒకేసారి పది కోరికలు పెట్టకండి: పళ్లెం, చేతులుంచడం, కూర్చునే చోటు, ఈ మూడే. ఇదేదో కొత్త పోకడ అని ఎవరైనా అంటే, ఎన్నో దేశాల సంఘాలు కలిసిన వరల్డ్ కౌన్సిల్ ఆఫ్ చర్చెస్ 1998లోనే వైకల్యం ఉన్న క్రైస్తవుల కోసం ప్రత్యేకంగా ఒక వేదిక పెట్టిందని చెప్పవచ్చు. డిసెంబరు 3 అంతర్జాతీయ వికలాంగుల దినం కాబట్టి ఆ వారం సాక్ష్యం చెప్పిద్దామని ఎవరైనా ఉత్సాహపడవచ్చు. అతనికి ఇష్టమైతే సరే, కానీ ఏడాదికొక రోజు ముందుకు తెచ్చి మిగతా వారాలు మూలన పెట్టడాన్ని ఒప్పుకోకండి. ప్రార్థన మనవులు ఎవరివి ఏమిటో అతనికి నెలల తరబడి గుర్తుంటాయని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. సంఘానికి కావాల్సిన పని అదే. మనవుల పుస్తకం అతని చేతికిస్తే, జవాబు వచ్చినవి ఏవో, మరిచిపోయినవి ఏవో వారానికొకసారి అతను గుర్తుచేస్తాడు.

పాస్టర్ గారికి ఇచ్చే ఉత్తరం మీరు రాయకండి, తమ్ముణ్ణి రాయనివ్వండి. పది వాక్యాలకు నాలుగైదు రోజులు పడుతుంది. ఒళ్లు వదులుగా ఉండే వేళ చూసి, రోజుకు అరగంట కూర్చోండి. సగం మాటలో మీకు అర్థమైపోయినా పూర్తిచేయకండి, చివరి అక్షరం దాకా తాకనివ్వండి. అక్షర దోషాలు దిద్దకండి. మొదటి రోజు ఏం రాస్తావని అడిగితే మళ్లీ ‘నాకూ’ అనే అనవచ్చు. అక్కడినుంచే మొదలుపెట్టనివ్వండి.